ఆదివారపు జోళ్ళు

కార్నియా కొండలు
5 అక్టోబర్ 1957, శనివారం

నీవెస్ పిల్లా,

పెళ్ళైన పూటే మేనత్త ఉత్తరమేమిటని నవ్వకు. ఇది నీ మూటలో దూర్చి పెడుతున్నాను. రైలెక్కాక ఎల్వియో ఎలాగూ కునుకు తీస్తాడు. కొత్త పెళ్ళికొడుకైనా వడ్రంగి వడ్రంగే, కూర్చోబెడితే నిద్రపోతాడు. అప్పుడు చదువుకో.

మూట అడుగున కాగితంలో చుట్టిన నల్ల మఖమలు జోళ్ళు ఒక జత ఉన్నాయి. అవి నీకు కాదు, ముట్టుకోకు. అడుగున పాత గుడ్డలు పదిహేను పొరలు పేర్చి నేనే కుట్టాను. మడమ మీద ఎర్ర దారంతో నా గుర్తు, చిన్న ఆకు, అది కూడా వేశాను. వాటిని జనెత్తాకి ఇవ్వాలి.

జనెత్తా ఎవరో నీకెప్పుడూ చెప్పలేదు. పడుచుదనంలో నేను వెనిస్‌లో రెండేళ్ళు పనిమనిషిగా చేశాను కదా. అప్పుడు ఒక అటక గదిలో నేనూ, పూసలు గుచ్చే జనెత్తా కలిసి ఉండేవాళ్ళం. ఇద్దరికీ కలిపి మంచి జోళ్ళు ఒకటే జత. మిగతా రోజులు చెక్క చెప్పులే. ఆదివారం వచ్చిందంటే ఒకరి వంతు. వంతు వచ్చిన మనిషి జోళ్ళేసుకుని ఊరంతా తిరిగొచ్చేది. రెండో మనిషి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. సాయంత్రం తిరిగొచ్చాక చూసిందంతా చెప్పాలి. ఒక్క పిల్లిని కూడా వదలకుండా చెప్పాలి, అదీ ఒప్పందం. వెనిస్‌లో సగం నేను చూశాను, సగం దాని నోట విన్నాను. ఏది చూసిందో ఏది విన్నదో ఇప్పుడు నాకే తెలీదు.

1926 నవంబర్లో ఒక ఆదివారం పొద్దున్నే మీ తాత పోయాడని తంతి వచ్చింది, కింది వాళ్ళు చదివి చెప్పారు. జనెత్తా చెక్క చెప్పులతోనే చర్చికి వెళ్ళింది, వచ్చాక షికారుకి జోళ్ళేసుకుందామని. ఆ రోజు వంతు దానిది. నేను ఆ జోళ్ళు తొడుక్కుని రైలెక్కేశాను. చీటీ కూడా పెట్టలేదు, అప్పటికి నాకు రాయడం రాదు. ఇక్కడ మీ నాన్న చిన్నవాడు, పశువులు, పొలం, మళ్ళీ కదల్లేకపోయాను. మన ఫాదరు గారి దగ్గర అక్షరాలు నేర్చుకుని ఏటా క్రిస్మస్ ముందు దానికి ఒక ఉత్తరం రాశాను. పన్నెండు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. తర్వాత యుద్ధం వచ్చింది, ఆపేశాను.

ఇంటి నంబరు 2614. వెతుక్కోనక్కర్లేదు. సందు చివర వంతెన, వంతెన దిగితే బావి, బావి దగ్గర పిల్లులు. నువ్వేం మాట్లాడక్కర్లేదు. జోళ్ళు చేతిలో పెట్టు. తీసుకుందో, మొహాన కొట్టిందో, అది మాత్రం వెంటనే రాయి. అది నన్ను క్షమించిందో లేదో తెలియకుండా పోవడం నాకిష్టం లేదు.

ఎల్వియో తలకి టోపీ పెట్టు. అక్కడ చెమ్మ ఎక్కువ.

నీ అత్త,
ఆర్జా

*

వెనిస్, ఒక చర్చి మెట్ల మీద
6 అక్టోబర్, ఆదివారం మధ్యాహ్నం

అత్తా! అత్తా! అత్తా!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. రాత్రి దిగేసరికి చీకటి, ఏమీ కనపడలేదు. పొద్దున కిటికీ తెరిచానా, కిందే నీళ్ళు! నీళ్ళ మీద ఒక పడవ, పడవలో ఒక బీరువా, బీరువా మీద కూర్చుని ఒకాయన రొట్టె తింటున్నాడు. నేను కేకేస్తే ఎల్వియో ఇల్లు కూలిందేమోనని సగం గడ్డం గీసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ బీరువా చూసి "కీళ్ళు సరిగా బిగించలేదు, చూడు" అన్నాడు. ఇలాంటి మొగుణ్ణి చూశావు నువ్వు నాకు!

రేపటి నుంచి అతనికి పడవలు కట్టే చోట పని. అంటే మాకున్నది ఈ ఒక్క రోజే, ఊరంతా ఈ రోజే తిరిగెయ్యాలి అన్నాను. "ఊరేమైనా పారిపోతుందా?" అన్నాడు. "నేను పారిపోతాను, నువ్వు రాకపోతే" అన్నాను. వచ్చాడు.

నేను పెళ్ళి జోళ్ళే వేసుకున్నాను. మడమ నాలుగు వేళ్ళ ఎత్తు. నవ్వకు. వెనిస్‌లో మొదటి రోజు చెక్క చెప్పులతో తిరుగుతానా?

బయల్దేరిన పావుగంటకే 2614 దొరికింది అత్తా! సందు చివర వంతెన, వంతెన దిగితే బావి, బావి దగ్గర పిల్లులు, అంతా నువ్వు చెప్పినట్టే. తలుపు కొట్టాను. పై కిటికీలోంచి మొహం నిండా సబ్బు నురగతో ఒక ముసలాయన తొంగిచూశాడు. "జనెత్తా ఉందా?" అని అడిగాను. "లేదు! ఉన్నా కొండవాళ్ళ కోసం రాదు!" అని పెద్దగా నవ్వి కిటికీ వేసేశాడు. మళ్ళీ కొట్టినా తియ్యలేదు.

ఏం చెయ్యాలో తెలీక ఈ మెట్ల మీద కూర్చుని వేయించిన చేపలు తింటున్నాం. నువ్వు వెంటనే రాయమన్నావని రాసేస్తున్నాను, పోస్టు డబ్బా ఎదురుగానే ఉంది. బాధపడకు. ఎండ బంగారంలా ఉంది. ఎల్వియో ఇప్పటికి పదకొండు వంతెనలు లెక్కపెట్టాడు. నేను పెళ్ళి చేసుకున్నాను, అత్తా, అది గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తోంది!

చేపనూనె మరకలతో,
నీవెస్

*

వెనిస్, అమాబిలె గారి వంటగది
6 అక్టోబర్, ఆదివారం, నాలుగు గంటలు

అత్తా,

మధ్యాహ్నం ఉత్తరం చించెయ్యి! అది వెనక్కి తీసుకుందామని డబ్బాలో చెయ్యి పెట్టాను, పెళ్ళి ఉంగరం ఇరుక్కుని ఎల్వియో లాగాల్సి వచ్చింది. జనాలు చూస్తున్నారు.

సంగతేమిటంటే, ఆ ముసలాయనకి జనెత్తా ఎవరో తెలీనే తెలీదు. మెట్ల దిగువన బట్టలారేస్తున్న ఒకావిడ మా వాలకం చూసి "ఎవరి కోసం పిల్లా?" అంది. 2614 అన్నాను. "ఏ పేటలో 2614?" అంది. పేటేమిటి అన్నాను. ఆవిడ బట్టల బుట్ట కింద పెట్టేసి మరీ నవ్వింది. ఇక్కడ ఆరు పేటలున్నాయట అత్తా, ప్రతి పేటలోనూ నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయట! పొద్దున మేం తలుపు కొట్టింది దోర్సొదూరో పేటలోనట. ఇంకొక పేటలో నంబర్లు అంత దూరం పోవట. మిగిలినవి నాలుగు. "ఇంకా నాలుగు 2614లు ఉన్నాయి తల్లీ, కాళ్ళు గట్టివేనా?" అంది. ఎల్వియో మొహం చూడాలి నువ్వు. బొమ్మల బండి చూసిన పిల్లాడిలా వెలిగిపోయింది. "నాలుగిళ్ళూ చూద్దాం పద. దారిలో తలుపులన్నీ చూడొచ్చు" అన్నాడు.

సాన్ పోలో పేటలో 2614 గొడుగులు బాగుచేసే వాళ్ళది. లోపల అక్కచెల్లెళ్ళు ఐదుగురు. జనెత్తా లేదు గానీ, కొత్త జంటని తెలియగానే చుట్టూ కూర్చోబెట్టుకుని ఉడికిన చెస్ట్‌నట్లు పెట్టి ముద్దు పెట్టుకోమని ఒకటే గోల. ఎల్వియో చెవులు ఎర్రబడిపోయాయి. పెట్టుకున్నాం. సాన్ మార్కో పేటలో 2614 మహా పెద్ద ఇల్లు. తెల్ల చేతితొడుగుల నౌకరు తలుపు తీశాడు. నేను అడుగుతుండగానే మా ఆయన ఆ తలుపు నిమురుతూ "అక్రోటు చెక్క! ఒకే మాను!" అని వేళ్ళతో కొడుతున్నాడు. దొంగలనుకుని తరిమాడు. వంతెన మీద దాకా పరిగెత్తి, అక్కడ కడుపు పట్టుకుని నవ్వాం.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు.

కన్నరేజో పేటలో 2614 తలుపు ఒక సన్నటి ముసలావిడ తీసింది. పేరు అమాబిలె, విధవరాలు, ఒంటరి. "ఆర్జా అత్త పంపింది, కార్నియా నుంచి" అన్నానో లేదో, ఆవిడ గోడ పట్టుకుంది. "నువ్వు నీవెస్‌వా? నీ కోరింత దగ్గు తగ్గిందా?" అంది.

అత్తా, నీ పన్నెండు ఉత్తరాలూ ఈవిడకే వచ్చాయి. ఉత్త 2614, వెనిస్ అని రాశావు కదా, మొదటిది పోస్టుమాన్ ఇక్కడికి తెచ్చి "మీదేనా?" అన్నాడట. "నాకప్పటికి మూడేళ్ళుగా ఎవరూ ఉత్తరం రాయలేదు పిల్లా. అవునన్నాను" అంది. తర్వాత ఏటా డిసెంబరులో కిటికీ దగ్గర కూర్చునేదట. తప్పని తెలుసు. జవాబు రాస్తే నువ్వు ఆపేస్తావని రాయలేదట. ఎర్రావు ఈనిన సంగతి, మా అమ్మ పోవడం, నన్ను నీ ఒళ్ళోకి తీసుకోవడం, అన్నీ తెలుసు ఆవిడకి. ఆఖరి ఉత్తరంలో నాకు దగ్గు. "తర్వాత ఉత్తరం రాలేదు. బతికావో లేదో తెలీక పంతొమ్మిదేళ్ళు" అని నా వీపు మీద చెవి పెట్టి విన్నది. నాకు కోపం రావాలి కదా? రాలేదు. ఏడుపొచ్చింది.

ఉత్తరాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి మాకిచ్చింది. మిగిలింది ఒకటే పేట, కస్తెల్లో. చీకటి పడేలోపు వెళ్ళాలి. నా మడమలు రెండూ బొబ్బలెక్కి చితికిపోయాయి. నీ జోళ్ళ గురించి కూడా ఒకటి చెప్పాలి. ఇప్పుడు కాదు, నువ్వు తిడతావు.

కుంటుతూ, అయినా ఎగురుతూ,
నీవెస్

*

కార్నియా
8 అక్టోబర్, మంగళవారం

నీవెస్,

నీ మధ్యాహ్నం ఉత్తరం అందింది. చాలు. ఇంక తలుపులు కొట్టకండి.

ఉన్నా రాదు అన్నాడా? మొగుడి చేత చెప్పించిందన్నమాట. లోపలే ఉండి ఉంటుంది. నవ్వు ఎవరిది? సరిగా విన్నావా, మగ గొంతేనా? దాని నవ్వు కూడా అలాగే పెద్దది. ముప్పై ఒక్క ఏళ్ళ కోపం! ఒక జత జోళ్ళకి! నేనేం షికారుకి తీసుకెళ్ళానా, తండ్రి చావుకి వేసుకెళ్ళాను. అది పన్నెండు సార్లు రాశాను. రాయి కూడా కరిగేది.

ఆ జోళ్ళు ఎవరైనా బిచ్చగత్తెకి ఇచ్చెయ్యి. లేదా నువ్వే వేసుకో. కాదు, నువ్వు వేసుకోకు. వెనక్కి పంపు. ఏం చెయ్యాలో నాకే తెలీడం లేదు.

నీకు ఎండ బంగారంలా ఉంటే సంతోషం. ఇక్కడ వాన.

ఆర్జా

*

కార్నియా
9 అక్టోబర్, బుధవారం

నీవెస్ పిల్లా,

నిన్నటి ఉత్తరం చించెయ్యి. పోస్టుమాన్ వెనక పరిగెత్తాను గానీ వాడు సైకిలు మీద పోయాడు. నీ రెండో ఉత్తరం ఇవాళ వచ్చింది.

రొట్టె పొయ్యిలో మాడిపోయింది. మూడుసార్లు చదివాను. అంటే జనెత్తాకి ఒక్క ముక్కా అందలేదు! నేను క్షమాపణ అడగలేదనే అది అనుకుంటోంది, ముప్పై ఒక్క ఏళ్ళుగా! మేమున్నది కస్తెల్లోలోనని నాకు తెలీకపోవడమేం? అది కూడా రాయాలని ఎవరనుకున్నారు? మన ఊళ్ళో నలభై రెండు ఇళ్ళు, నలభై రెండు నంబర్లు. 2614 అంటే ఊరి మొదటి ఇంటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే రెండువేల ఆరువందల పద్నాలుగో ఇల్లు అనుకున్నాను. ఇంత పెద్ద నంబరు ఊరికి ఒకటే ఉంటుంది కదా! ఎవరికి తోస్తుంది, ఐదుసార్లు పెడతారని? బుద్ధున్న ఊరేనా అది?

ఆ అమాబిలెని ఏమనాలో తెలీడం లేదు. అన్నీ చదివిందా? నా తలలో పేల సంగతి కూడానా? ఆవిడ ముందు తలెత్తుకోలేను. అయినా పన్నెండేళ్ళు నా కోసం కిటికీ దగ్గర కూర్చున్న మనిషి ఆవిడొక్కతే. ఈసారి వెళ్తే ఆ దగ్గు మార్చిలో తగ్గిందని చెప్పు.

జోళ్ళకేమైంది? నిజం చెప్పు. నీళ్ళలో పడ్డాయా? ఎల్వియో పారేశాడా? ఇంక చేతులు ఆడక కుట్టలేను, అవే ఆఖరివి. ఎందుకు రాయడం లేదు? కస్తెల్లోలో ఏమైంది? అది లేదా? పోయిందా? ఏదైనా సరే రాయి.

నీ అత్త

*

వెనిస్
10 అక్టోబర్, గురువారం

అత్తా,

ఉంది! బతికే ఉంది! ముందు అది రాసేశాను, ఇప్పుడు ఊపిరి పీల్చుకో.

ఆలస్యానికి తిట్టు, పడతాను. కారణం చెప్తాను. కానీ ముందు నేను చేసిన వెధవ పని.

అమాబిలె గారింటి నుంచి బయల్దేరి పది అడుగులు వేశాను. పదకొండోది పడలేదు. పెళ్ళి జోళ్ళు విప్పితే మడమలు నెత్తుర్లు. ఎల్వియో ఎత్తుకుంటానన్నాడు, మూడు వంతెనలు ఎత్తుకున్నాడు కూడా, జనమంతా చప్పట్లు. నాలుగో వంతెన దగ్గర అతని ఊపిరి ఆగేలా ఉంది. "ఆ కాగితంలోవి వేసుకో. గుమ్మం ముందు విప్పేద్దువు గానీ, ఎవరు చూస్తారు?" అన్నాడు. వేసుకున్నాను అత్తా. జనెత్తా జోళ్ళు నేను వేసుకున్నాను. ఎంత మెత్తగా ఉన్నాయో చెప్తే నీ కోపం ఇంకా పెరుగుతుంది.

కస్తెల్లోలో సందు తిరిగాం. గుమ్మాలు లెక్కపెడుతున్నాను, 2610, 2611. జోళ్ళు ఎక్కడ విప్పాలా అని చూస్తున్నాను. అక్కడే, సందులోనే, కుర్చీ వేసుకుని ఒకావిడ ఒళ్ళో చెక్క పళ్ళెంతో పూసలు గుచ్చుతోంది. చేతిలో సూదులు విసనకర్రలా పట్టుకుంది. తల వంచుకునే ఉంది. తల వంచుకున్న మనిషికి ముందు కనపడేవి ఏమిటి? కాళ్ళే కదా. నేను దాటేశాను కూడా. వెనక నుంచి పిలిచింది.

"ఆగు. ఆ ఎర్ర ఆకు ఎవరు కుట్టారు?"

ఎల్వియోనే చెప్పాడు, "ఆర్జా అత్త."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఈ జోళ్ళు ఎవరికి కుట్టింది?"

"మీకే" అన్నాను.

"నాకు కుట్టినవి నీ కాళ్ళకున్నాయి."

"అవునండీ."

"మీ ఇంట్లో ఆడవాళ్ళకి నా జోళ్ళేసుకుని పోవడం తప్ప వేరే పనే లేదా?" అంది. అని నవ్వింది చూడు అత్తా, పళ్ళెం తిరగబడి పూసలన్నీ సందులో పడ్డాయి. నవ్వుతూనే ఏడ్చింది. ఎల్వియో మోకాళ్ళ మీద పాకి చీకటి పడేదాకా పూసలు ఏరాడు. మర్నాడు పనిలోకి వెళ్తే మేస్త్రీ "మోకాళ్ళకేమైంది, పెళ్ళాన్ని అంతగా బతిమాలుకోవాల్సి వచ్చిందా?" అన్నాడట.

పైకి తీసుకెళ్ళింది. అదే అటక గది. పెళ్ళి చేసుకోలేదు. బిస్కెట్ల డబ్బా ఇచ్చాను. కళ్ళు పూసలకి పాడయ్యాయి, అక్షరాలు కనపడవు, నన్నే చదవమంది. ఒకేసారి వద్దు, రోజుకి మూడే అంది. ఆదివారం మూడు, సోమ, మంగళ, బుధ. నిన్న సాయంత్రం నా దగ్గుతో అయిపోయాయి. అన్నీ విని ఏమంటుందో తెలియకుండా నీకేం రాయను? అందుకే ఆగాను.

ఏమందో చెప్తాను, మాట మారకుండా. "జోళ్ళ కోసం అది ఇన్నిసార్లు ఏడ్చిందా, పిచ్చిది! జోళ్ళు పోతే పోయాయి. ఆ రోజు చర్చి నుంచి వచ్చేసరికి జోళ్ళు లేవు, అది లేదు. నా వంతు కాజేసి షికారెళ్ళిందనుకున్నాను. రానీ, చెప్తాను దీని పని అనుకుని సంకటి వండి కూర్చున్నాను. దీపం పెట్టాను. రాలేదు. తండ్రి పోయాడని కింది వాళ్ళు మర్నాడు చెప్పారు. అర్థమైంది. కానీ జోళ్ళేసుకుని వెళ్ళిన మనిషి తిరిగొచ్చి ఏం చూసిందో చెప్పాలి. అదీ మా ఒప్పందం. అది చెప్పలేదు. నా కోపమంతా అదే."

జోళ్ళు తీసుకుందా అని అడిగావు కదా. వేసుకుంది. సరిగ్గా సరిపోయాయి. నా మడమలకి ఏదో ఆకు పసరు రాసి, చెక్క చెప్పులు ఇచ్చి పంపింది. వెనిస్‌లో చెక్క చెప్పులతోనే తిరుగుతున్నాను, ఎవరూ చూడ్డం లేదు. అమాబిలె గారిని ఆదివారం భోజనానికి రమ్మంది, "నా ఉత్తరాలు చదివిన దొంగని నేను చూడాలి" అంటూ.

నీ జోళ్ళ దొంగ,
నీవెస్

*

కార్నియా
12 అక్టోబర్, శనివారం

నీవెస్,

నిన్ను తిట్టడం తర్వాత. ఈ ఉత్తరం నీకు కాదు. అటక గదికెళ్ళి దానికి చదివి వినిపించు.

జనెత్తా, ఆ ఆదివారం నేను చూసింది ఇదీ.

గుమ్మం దిగేసరికి మంచు. బావి దగ్గర పిల్లులు మూడు, కుంటి దానికి ఎవరో చేప తల వేశారు. రొట్టెల కొట్టాయన "నీ వంతు కాదే ఇవాళ!" అన్నాడు. తల దించుకుని దాటేశాను. పెద్ద వంతెన మీద ఎడమ జోడు తాడు తెగింది, నా జడ రిబ్బను కట్టుకున్నాను. అక్కడి నుంచి చూస్తే కింద పడవలో ఇద్దరు మనుషులు నిలువుటద్దం తీసుకెళ్తున్నారు. అందులో నా మొహం మెల్లగా దాటిపోయింది. ఏడుస్తున్నానని అది చూశాకే తెలిసింది. స్టేషను దగ్గర కాషాయం రంగు పిల్లి ఒకటి పెట్టెల మీద నిద్రపోతోంది. ఇది నీకు చెప్పాలి అనుకున్నాను. రైలు కదిలింది. అంతే, ఇంకేం చూడలేదు.

ఆవుని పక్కింటి వాళ్ళకి అప్పజెప్పాను. వచ్చే శనివారం సాయంత్రం రైల్లో దిగుతాను. ఈసారి పేట పేరు రాసుకున్నాను.

ఆదివారం మాత్రం నన్నెక్కడికీ తిప్పకు. వంతు నీది. నీ కొత్త జోళ్ళేసుకుని ఊరంతా తిరిగిరా. నేను మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాను. సంకటి నేనే వండుతాను, దీపం పెడతాను. నువ్వొచ్చి చెప్పాలి. ఒక్క పిల్లిని కూడా వదలకుండా చెప్పాలి.

ఆర్జా